ఆయ్ అంటే వింటున్నానని

మా మరదలు పోయిందన్న కబురు పొద్దున్న ఏడింటికి వచ్చింది. కొత్తపేటలో మా ఇంటి అరుగు మీద కూచుని పేపరు చూస్తున్నాను. ఫోను చేసింది మా తోడల్లుడు, అంటే ఆమె భర్త. రాజమండ్రి ఆసుపత్రి నుంచి. "అన్నయ్యగారూ, అయిపోయిందండి" అన్నారు. నేను "ఆయ్" అన్నాను. అటువైపు ఇంకేమీ వినిపించలేదు. మళ్ళీ "ఆయ్" అన్నాను. లోపల్నించి మా ఆవిడ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి నా మొహం చూసింది. పోయింది ఆమె సొంత చెల్లెలు. నేనేమీ చెప్పకుండానే గడప మీద కూలబడిపోయింది.

మా మరదలికి యాభై ఏడేళ్ళు. అందులో ఇరవై ఏళ్ళకి పైగా మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే నరాల జబ్బుతో గడిచేయి. "దీర్ఘకాలంగా అనారోగ్యంతో బాధపడుతూ" అని ఎవరో ఫ్లెక్సీ వేయించి తాటిపాక సెంటర్లో కట్టేరు. ఆ మాట అబద్ధం. ఆ జబ్బు ఆమెని కుర్చీలో కూచోబెట్టింది కాని చంపలేదు. చంపిందేమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను. పోయినవాళ్ళని తలుచుకునేటప్పుడు బతికున్నవాళ్ళ జోలికి పోకూడదంటారు. నాకు డెబ్భై ఆరు. ఇప్పుడు పోకపోతే ఇంకెప్పుడు పోతాను?

పాత రోజుల్లో రాజోలు టెలిఫోన్ ఎక్స్చేంజిలో ట్రంకు బోర్డు మీద కూచుని దూరపు ఊళ్ళకి ఫోన్లు కలిపేది మా మరదలు. మస్కట్ కి, కువైట్ కి పనికి వెళ్ళినవాళ్ళ ఫోను కోసం ఆడవాళ్ళు ఎక్స్చేంజి గుమ్మంలో చంటిపిల్లలతో కాచుక్కూచునేవారు. తీరా లైను కలిసేక వాళ్ళకి మాట వచ్చేది కాదు. సముద్రం అవతలినుంచి మొగుడు "ఏమే, ఉన్నావా" అని అరుస్తుంటే ఇవతల ఈవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని నిలబడేది. అవతలివాడు లైను పోయిందనుకుని పెట్టేసేవాడు. మళ్ళీ కలపాలంటే పూటంతా పట్టేది. అందుకని మా మరదలు ముందే వాళ్ళకి ఒక పాఠం చెప్పేది. "ఏం మాట్లాడాలో తోచకపోతే ఊరికే ఆయ్, ఆయ్ అంటూ ఉండండమ్మా. మీరున్నారని ఆయనకి తెలుస్తుంది. అది చాలు."

ఈ అలవాటు ఆమెకీ అంటుకుంది. ఎదుటివాళ్ళు ఏం చెబుతున్నా మధ్యమధ్యలో ఆయ్ అనేది. ఒప్పుకున్నా అంతే, ఒప్పుకోకపోయినా అంతే. కొత్తవాళ్ళు మోసపోయేవారు. అరగంట ఆయ్ అని విని, చివరికి "అంతా విన్నానండి, కాని అది కుదరదండి" అనేది.

నేను కొత్తపేట సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా నలభై ఏళ్ళు దస్తావేజులు రాసేను. ఒకసారి ఏదో పెళ్ళిలో భోజనాల దగ్గర నా పక్కన కూచుని, "మీకూ నాకూ ఒకే మాటతో పని బావగారూ" అంది.

"ఏ మాట?"

"ఆయ్. నా దగ్గర ఆయ్ అంటే లైను ఉందని. మీ దగ్గర ఆయ్ అంటే పొలం పోయిందని."

పంక్తిలో అందరూ నవ్వేరు. నేనూ నవ్వేను. కాని ఆ మాట నాకు అరగలేదు. దస్తావేజు చివర ఒక వాక్యం రాస్తాం మేము. చదివి వినిపించగా విని, సమ్మతించి, నా ఇష్టపూర్వకంగా చేసిన సంతకం అని. చదివి వినిపించేవాణ్ణి నేనే. ఎదురుగా ఏ ముసలావిడో కూచునేది. నేను గబగబా చదువుకుపోతుంటే ఆవిడ ఆయ్, ఆయ్ అనేది. పెద్దమనిషి చదువుతున్నాడు, మధ్యలో ఊరుకుంటే మర్యాద కాదని అనేది. అర్థమయిందో లేదో నేను అడగలేదు. విన్నదని రాసేను, సమ్మతించిందని రాసేను. ఆ రెండు మాటల మధ్య నేను పెట్టినది ఒక్క కామా.

ఆ లెక్కన నేను శుద్ధుణ్ణేమీ కాదు. ముందే చెప్పి ఉంచుతున్నాను, తరవాత ఎవరూ నాకు గుర్తు చెయ్యక్కర్లేకుండా.

మా మరదలికి గొంతులు గుర్తుండేవి. మొహం చూస్తే ఎవరో తెలిసేది కాదు. బజార్లో ఎవరైనా పలకరిస్తే కళ్ళు మూసుకుని "ఇంకొక్కసారి మాట్లాడండి" అనేది. మాట్లాడగానే, "మీరు సఖినేటిపల్లి లంక. మీ అన్నగారు బహ్రెయిన్లో ఉండేవారు. మీరు ఫోనులో దగ్గేవారు" అని చెప్పేసేది. గడియారం చూడకుండా మూడు నిమిషాలు ఎప్పుడయ్యేవో తెలిసేది. ట్రంకు కాల్ మూడు నిమిషాలకి లెక్క కదా. గుడ్లు ఉడకబెట్టినా, టీ మరగబెట్టినా మూడు నిమిషాలే. ఎక్స్చేంజిలోకి మిషన్లు వచ్చి బోర్డు తీసేసి, ఆమెని బిల్లుల కౌంటర్లో వేసినప్పుడు మూడు రోజులు అన్నం తినలేదు. "ఇప్పుడెవరి గొంతూ ఎవరికీ అక్కర్లేదు బావగారూ" అంది.

ఆ కౌంటర్లోనే జబ్బు మొదలయింది. బిల్లుల మీద ఎర్ర అంకెలు ఎడమ కంటికి వెలిసిపోయినట్టు కనిపిస్తున్నాయంది. కొన్నాళ్ళకి అది తగ్గి ఎడమ కాలు బరువెక్కింది. అమలాపురంలో నరాల బలహీనత అని బలం బిళ్ళలిచ్చేరు. అత్తవారి తరఫు పెద్దావిడ ఒకామె ఎవరో శాపం పెట్టేరని తేల్చింది. రెండేళ్ళు అలా తిరిగి చివరికి విశాఖపట్నంలో తలకీ వెన్నుకీ స్కానింగు తీయించేక జబ్బు పేరు తెలిసింది. తిరిగొచ్చి మాకు తనే వివరించింది.

"తీగలు బాగానే ఉన్నాయిట. పైన తొడుగు ఊడిపోతోందిట. అందుకే లైనులో గరగర. ఇంతకీ ఊడగొడుతున్నది బయటి దొంగ కాదు బావగారూ. మన లైన్‌మేనే."

ఒంటిని కాపాడవలసిన శక్తి ఒంటి మీదికే తిరగబడడం గురించి నేను చాలా పుస్తకాలు చదివేను. ఇంత కుదురుగా చెప్పినవాళ్ళని చూడలేదు.

ఏడెనిమిదేళ్ళ కిందట పేపర్లో మూలకణాల చికిత్స అని ఒక వార్త చూసి కత్తిరించి దాచింది. అప్పటికి చేతికర్రతో నడుస్తోంది. "చదివి చెప్పండి. అమ్మేవాళ్ళు రాసింది కాదు, చేసినవాళ్ళు రాసింది చదవండి" అంది. నెల్లాళ్ళు చదివేను. మా మేనకోడలు కాలేజీ లైబ్రరీలోంచి తీసిచ్చిన పరిశోధన వ్యాసాలు, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేను. చదివి వెళ్ళి చెప్పేను.

"ముందు నీ ఎముకల మజ్జలో పుట్టే మూలకణాలు కొన్ని తీసి దాస్తారు. తరవాత కాన్సరు మందులిచ్చి నీ ఒంట్లో కాపలా అంతా తుడిచేస్తారు. అప్పుడు దాచినవి తిరిగి ఎక్కిస్తారు. కొత్తగా పుట్టే కాపలాకి పాత పగ ఉండదని ఆశ."

"అంటే లైన్‌మేన్లందర్నీ డిస్మిస్ చేసి కొత్తవాళ్ళని వేసుకోవడం."

"ఆయ్."

"కొత్తవాళ్ళు వచ్చి చేరేలోపల ఎక్స్చేంజి ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడరు. ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే అప్పుడే వస్తుంది."

"నిజం చెప్పేరు" అంది. అంతటితో ఊరుకోలేదు, విశాఖపట్నం వెళ్ళి డాక్టరుగారినే అడిగింది. ఆయన మా వాళ్ళకి ఇచ్చిన సమయం చాలా తక్కువ, కాని చెప్పింది నిజం. జబ్బు మొదట్లో, మాటిమాటికీ దాడి చేస్తూ మందులకి లొంగనప్పుడు, కొందరికి ఆ చికిత్స బాగా పనిచేస్తుంది. తొడుగు ఊడి ఏళ్ళయి లోపలి తీగే ఎండిపోయినవాళ్ళకి దానివల్ల లాభం కన్నా ప్రమాదమే ఎక్కువ. "మీరు ఆ దశ దాటిపోయేరమ్మా" అన్నారుట. ఆమె ఇంటికొచ్చి వార్త ముక్క చింపేసింది. ఏడవలేదు. ఆ మధ్యాహ్నం పనసపొట్టు కూర రెండుసార్లు వడ్డించుకుంది.

కర్ర పోయి చక్రాల కుర్చీ వచ్చింది. దానికీ ఆమె ఏడవలేదు. కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుంది. తాటిపాకలో వాళ్ళింటి కిటికీలోంచి గ్యాసు కంపెనీ గొట్టం మీది మంట కనిపిస్తుంది. పగలు కూడా అది వెలుగుతూనే ఉంటుంది, ఎండలో రంగు లేకుండా, గాలి వణుకుతున్నట్టు. మా తోడల్లుడు రిటైరయ్యే దాకా అక్కడే పనిచేసేరు. ఎక్కడ గ్యాసు వాసన వచ్చినా కనిపెట్టి జనాన్ని దూరంగా తోలడం ఆయన ఉద్యోగం. ముప్పై ఏళ్ళు చేసేరు. తన ఇంట్లోకి వచ్చిన వాసన మాత్రం కనిపెట్టలేకపోయేరు. ఆయన ఇది చదువుతారు. చదవాలనే రాస్తున్నాను.

పోయిన ఏడాది ఆమె గొంతు పాడవడం మొదలయింది. మాట ముక్కలుముక్కలుగా వచ్చేది. ఒక అక్షరం బరువుగా, ఒక అక్షరం జారిపోతూ. ఒకరోజు గ్యాసు బండ కోసం తనే ఫోను చేసింది. అటువైపు ఉన్న అమ్మాయి, "ఎవరో తాగేసి మాట్లాడుతున్నారే" అని పక్కవాళ్ళతో అనడం ఈమెకి వినిపించింది. పెట్టేసిన చప్పుడూ వినిపించింది. వేలమంది గొంతులు కలిపిన మనిషి. ఆ రోజు మొదటిసారి ఏడ్చిందని మా తోడల్లుడు చెప్పేరు. నేను వెళితే నా చెయ్యి పట్టుకుంది. "కాళ్ళు పోతే... కుర్చీ ఉంది. గొంతు పోతే... ఏముంది బావగారూ?"

అలాంటప్పుడు నాలాగ జవాబు తోచనివాళ్ళు ఊరుకుంటారు. తోచినవాళ్ళు వస్తారు.

వచ్చినవాడు మా తోడల్లుడికి వరసకి మేనల్లుడు. ఒకప్పుడు గల్ఫ్ వీసాల ఏజెంటు. కువైట్లో డ్రైవరు పని అని చెప్పి మనుషుల్ని ఎడారిలో ఒంటెలు కాయడానికి పంపినవాడు. ఇప్పుడు కార్డు మీద పేషెంట్ కోఆర్డినేటర్ అని ఉంది. అలవాటు పోలేదు, రాగానే ఎనిమిది పాస్‌పోర్టు సైజు ఫోటోలు కావాలన్నాడు. "వైద్యానికి ఫోటోలెందుకురా" అని నేనంటే, "ఉంటే మంచిదండి పెద్ద మావయ్యగారూ" అన్నాడు.

ఏదో మహానగరంలో ఒక సెంటరుంది. అక్కడికి మనుషుల్ని తోలుకెళ్ళడం వీడి పని. ట్యాబ్‌లో వీడియోలు చూపించేడు. కుర్చీలోంచి లేచి నడిచే ముసలాయన, చెయ్యి ఊపే ఆవిడ. తరవాత మా మరదలి ముందు పీట లాక్కుని కూచున్నాడు.

"అత్తయ్యగారూ, అరటి తోటల్లో పుట్టి పెరిగిన ఆడపడుచు మీరు, మీకు నేను చెప్పాలాండి? గెల కొట్టేసేక చెట్టు నరికేస్తాం. పక్కనించి పిలక లేస్తాది. స్టెమ్ సెల్లంటే అంతేనండి. మీ పిలకే తీసి మీకే నాటుతారు. పరాయిది కాదు."

గదిలో అందరి తలలూ ఊగేయి. ఇంత బాగా అర్థమయ్యే మాట ఏ డాక్టరు చెప్పేడు? మా మరదలు మెల్లిగా, ఒక్కొక్క ముక్కా కూడబలుక్కుని అంది.

"తెగులు... పట్టిన దుబ్బులోంచి... పిలక తీసి... నాటుతారా అబ్బాయ్?"

వాడు తొడ చరుచుకుని నవ్వేడు. "అత్తయ్యగారి జోకులు మాత్రం తగ్గలేదండి!"

అది జోకు కాదు. ఆ గదిలో అది జోకు కాదని తెలిసింది ఇద్దరికే. నేను కలగజేసుకున్నాను.

"ఇది ఏ రకం? మజ్జ తుడిచేసి ఎక్కించేదా, వట్టినే పొడిచేదా?"

"కీమో గీమో ఏం లేదండి. పొట్ట మీద కొవ్వులోంచి కణాలు తీసి, వెన్నులో సూదితో ఎక్కిస్తారు. మూడు సిట్టింగులు. ఏ రోజుకారోజు నడుచుకుంటూ వచ్చెయ్యడమే."

"నడిచే మనిషయితే నీతో పనేముంది? ఈ జబ్బుకి ఇది పనిచేస్తుందని ఎవరు తేల్చేరు?"

"ఒక్క ఈ జబ్బుకేంటండి? షుగరుకి, మోకాళ్ళకి, మాట రాని పిల్లలకి, అన్నిటికీ చేస్తున్నారు."

"అన్నిటికీ ఒకటే ఇస్తే దాన్ని మందనరు, ప్రసాదమంటారు. మన దేశంలో దీన్ని పరిశోధనగా తప్ప వైద్యంగా అమ్మకూడదని నియమం ఉంది, తెలుసా?"

వాడు నావైపు తిరిగి చేతులు జోడించేడు. "పెద్ద మావయ్యగారు ఫోనులో చదివినవి డాక్టర్లు కాలేజీలో చదవకుండా వచ్చేరంటారాండి?"

మా తోడల్లుడు నవ్వేరు. వాళ్ళ అన్నదమ్ములు నవ్వేరు. కాఫీ గ్లాసులు పట్టుకొచ్చిన పక్కింటావిడ కూడా నవ్వింది. నలభై ఏళ్ళు ఇంకొకరి పొలాల సరిహద్దులు రాసి, ఇంటికొచ్చి చదువుకున్న మనిషిని. నా చదువుకి విలువిచ్చిన ఇల్లు అదొక్కటే అనుకునేవాణ్ణి. లేచి కండువా దులుపుకుని, "నా మాట కావలసినవాళ్ళు ఇకనుంచి నా గుమ్మానికే రండి" అన్నాను. లేచి నిలబడలేని మనిషి ఉన్న ఇంట్లో ఆ మాట అన్నాను. ఆమె నవ్వలేదని నాకు తెలుసు. వెళ్ళేటప్పుడు ఆమె వైపు చూడలేదు.

రెండు నెలలు తాటిపాక వెళ్ళలేదు. మా ఆవిడ ఒక్కతే వెళ్ళొచ్చేది. ఏమయిందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం మా మరదలే ఫోను చేసింది. ఆ గొంతు విని ఉలిక్కిపడ్డాను. రెండు నెలల్లో ఇంకా పాడయింది. ఒక్కొక్క మాటకీ లోతుగా ఊపిరి తీసుకుంటోంది.

"బావగారూ... గురువారం... తీసుకెళ్తామంటున్నారు."

"ఆయ్."

"మీకు... కోపం... పోలేదా?"

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"చెప్పండి... వెళ్ళమంటారా?"

వద్దని చెప్పడానికి నా దగ్గర నెల్లాళ్ళ చదువుంది. విశాఖపట్నం డాక్టరుగారి మాట ఉంది. వెన్నులో సూది పెట్టించుకున్నవాళ్ళు కొందరు ఏమయ్యేరో చదివినది ఉంది. అవన్నీ నా నాలుక చివరి దాకా వచ్చేయి. వాటికన్నా ముందు ఆ గదిలో నవ్వు వచ్చింది. అప్పుడు నవ్వుకున్నారు కదా, ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నారా అనిపించింది. పొడిగా "ఆయ్" అన్నాను. విన్నాను, ఇక మీ ఇష్టం అని నా ఉద్దేశం. అటువైపు కాసేపు ఊపిరి వినిపించింది. తరవాత, "ఉంటానండి" అంది.

మొదటి సూది అయింది. నెలకి రెండోది అయింది. రెండోదాని తరవాత గొంతు బాగుపడిందని ఊరంతా చెప్పుకున్నారు. ఆ ఏజెంటు, మా మరదలు దండం పెడుతున్న వీడియో ఒకటి తీసి తన ఫోను స్టేటస్‌లో పెట్టుకున్నాడు. మా ఆవిడ పోరు పడలేక నేనూ వెళ్ళేను.

నిజంగానే మాట తేరుకుంది. సూదితో పాటు వాళ్ళిచ్చిన స్టెరాయిడ్ వల్ల కావచ్చు. అలాంటి ఊపు కొన్నాళ్ళుండి పోతుందని చదివేను. ఆశ వల్ల కావచ్చు. నాకు తెలియదు. నన్ను చూడగానే కుర్చీలో సర్దుకుని, పాత బోర్డు మీద పలికినట్టు, "నమస్కారమండీ, రాజోలు ఎక్స్చేంజి" అంది. ఒక్క అక్షరం జారలేదు. మా ఆవిడ ఆమెని కావలించుకుని ఏడ్చింది. ఇరవై ఏళ్ళ కిందటి గొంతు అది. మా తోడల్లుడు నా రెండు చేతులూ పట్టుకుని, "ఆ రోజు నవ్వేనండి, క్షమించండి" అన్నారు.

అప్పుడు మా మరదలు అంది, "మీ అందరి మాటా నేను వినలేదు. బావగారు ఆయ్ అన్నారు. అందుకే ధైర్యం చేసేను."

నా చేతిలో కాఫీ ఉంది. తాగేను.

ఆయ్ అంటే వింటున్నానని తప్ప ఇంకేమీ కాదని ఈ గోదావరి జిల్లాలో అందరికన్నా బాగా తెలిసిన మనిషి ఆమె. గుమ్మంలో కూచున్న ఆడవాళ్ళకి నేర్పింది ఆమె. మరి నా ఆయ్ ని అలా ఎందుకు తీసుకుంది? పొరబడిందా? లేక గొంతు కోసం ఎక్కడో ఒక చోట సరే అన్న మాట కావలసి, నా నోట ఉందని అనుకుందా? ఈ ప్రశ్నకి జవాబు చెప్పగలిగిన మనిషి ఇప్పుడు లేదు.

అప్పటికి మూడో సూది ఇంకా పడలేదు. పై సోమవారం వెళ్ళాలి. నేనలా అనలేదమ్మా, నా ఉద్దేశం అది కాదమ్మా, ఇక చాలు, ఆపెయ్యండి అనడానికి ఆ సాయంత్రమంతా ఉంది. ఆమె మొహం చూస్తే చెప్పబుద్ధి కాలేదు. అంతేనా? ఒక్కసారైనా నా మాట చెల్లిందని ఆ ఇంట్లో అందరూ అనుకోవడం కూడా నాకు బాగుందేమో. రాసేటప్పుడు ఇది కొట్టెయ్యాలనిపించింది. కొట్టెయ్యలేదు.

తిరుగు బస్సులో మా ఆవిడ కిటికీ వైపు చూస్తూ అడిగింది.

"మీరు ఒప్పుకున్నారా?"

"లేదు. విన్నానన్నాను."

"మరి దానితో ఆ మాట అనలేదేం?"

బస్సు పి.గన్నవరం దాటేదాకా నేను జవాబు వెతుక్కుంటూనే ఉన్నాను. ఆమె మళ్ళీ అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. నా కంచంలో అన్నం పెడుతుంది, మందుబిళ్ళ చేతికిస్తుంది, అడగదు.

మూడో సూది పడిన నాలుగో రోజున జ్వరం వచ్చింది. ఏజెంటుకి ఫోను చేస్తే, "కణాలు పనిలోకి దిగితే వేడి చేస్తుందండి, మంచి గుర్తే. జ్వరం బిళ్ళ వెయ్యండి" అన్నాడుట. రెండు రోజులు అలా వేసేరు. మూడో రోజుకి మెడ బిగుసుకుపోయింది, మనుషుల్ని పోల్చుకోవడం మానేసింది. అప్పుడు రాజమండ్రి తీసుకెళ్ళేరు. వెన్నులో నీరు తీసి పరీక్ష చేసేరు. అక్కడ ఒక పడుచు డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి చెప్పేడు. "సూది వెళ్ళిన దారినే క్రిమి వెళ్ళి ఉంటుందండి. మెదడు పొరల దాకా పాకింది. రాతపూర్వకంగా నేను నిరూపించలేను. రెండు రోజులు ముందు తీసుకొస్తే బాగుండేది." కుర్రాడయినా కళ్ళలోకి చూసి చెప్పేడు. ఈ మొత్తం వ్యవహారంలో నేను కృతజ్ఞత చెప్పుకోవలసినవాళ్ళలో అతనొకడు. మా మరదలు ఆ ఆసుపత్రిలో పంతొమ్మిది రోజులు ఉంది. ఒక్క మాట మాట్లాడలేదు.

పెద్దకర్మ రోజున ఏజెంటు కూడా వచ్చేడు. భోజనం చేసేడు. పాయసం మారు అడిగేడు. నేను పంక్తి మధ్యలో లేచి, "ఈ ప్రాణం నీ చేతుల్లో పోయిందిరా" అన్నాను. వాడు చెయ్యి కడుక్కుని వచ్చి, ఏమాత్రం తొణక్కుండా మా తోడల్లుడి ఫోనుకి ఒక వీడియో పంపించేడు.

"అత్తయ్యగారి ఇష్టం లేకుండా ఏదీ జరగలేదండి. సెంటరువాళ్ళ దగ్గర అన్నిటికీ రికార్డు ఉంటుందండి."

వీధి వరండాలో కూచుని మా తోడల్లుడూ నేనూ చూసేం. మొదటి సూదికి ముందు తీసిన వీడియో. తెల్లటి గది. గోడ వారగా కుర్చీలో మా మరదలు. కనపడని మనిషి ఎవరో తెలుగులో గబగబా చదువుతున్నాడు. ఈ చికిత్స వల్ల ఫలితం ఉంటుందని హామీ లేదు, అర్థమయిందా? ఆయ్. జ్వరం రావచ్చు, అర్థమయిందా? ఆయ్. క్రిమి సోకవచ్చు. ఆయ్. ప్రాణాపాయం ఉండవచ్చు. ఆయ్. అక్కడ ఆమె మధ్యలో ఏదో అడగబోయింది. మాట కూడబలుక్కునే లోపల ఆ గొంతు తరవాతి వాక్యానికి వెళ్ళిపోయింది. ఆమె మళ్ళీ ఆయ్ అంది. అప్పటికి ఆమె నోట చప్పున, తప్పు లేకుండా వచ్చే మాట అదొక్కటే మిగిలింది. చివర్న ఆ గొంతు చదివింది. పైవన్నీ నాకు చదివి వినిపించగా విని, పూర్తి ఇష్టంతో సమ్మతిస్తున్నాను.

నా వాక్యమే. వాళ్ళు కామా కూడా మార్చలేదు.

వైద్య అధికారులకి ఫిర్యాదు రాసేను. పది పేజీలు వచ్చింది. ఏమవుతుందో నాకు తెలుసు, అయినా రాసేను. దానికి జతపరచడానికి ఆ వీడియో కావాలని మా తోడల్లుణ్ణి అడిగేను. ఆయన ఫోను రెండు చేతులతో పట్టుకుని కూచున్నారు.

"ఇస్తానండి. కాని ఇందులోంచి తీసెయ్యమనరు కదా?"

"ఎందుకు తియ్యడం? కాపీ చాలు."

"ఊరంతటికీ ఫోన్లు కలిపింది కదండి. దాని గొంతు ఎప్పుడూ ఎవరూ రికార్డు చెయ్యలేదు. ఆ దండం పెట్టిన వీడియోలో కూడా మాట లేదు, పాట పెట్టేడు వాడు. నా దగ్గర ఉన్నది ఇదొక్కటేనండి."

ఇప్పుడు ఎప్పుడు వెళ్ళినా ఆయన ఆ వరండాలోనే ఉంటారు, ఫోను చెవికి ఆనించుకుని. నన్ను చూస్తే పక్కన చోటిచ్చి, తెర నావైపు తిప్పుతారు. ముందరిదంతా జరిపేసి, చివరి భాగం దగ్గర ఆపుతారు. చదివే గొంతు ఆగిపోతుంది. కాగితాలు సర్దుతున్న చప్పుడు. మా మరదలు ఆ మనిషి వైపు కాక, తలుపు దగ్గర ఎవరో ఉన్నట్టు అటు చూస్తుంది. కుర్చీ చేతి మీదినుంచి కుడిచెయ్యి కొద్దిగా పైకి లేస్తుంది, ఒక్క నిమిషం ఆగమన్నట్టు. పెద్ద మాట చెప్పబోయే ముందు తీసుకునే ఊపిరి, ఛాతీ నిండా తీసుకుంటుంది. పెదవులు విడిపడతాయి.

వీడియో అక్కడికే ఉంది.